పండగ నెలలో గ్యాస్ బండి ఆలస్యం గురించి మన ఖాతాదారులకు

నమస్కారం. పార్వతీపురం చుట్టుపక్కల మన ఏజెన్సీ నుంచి గ్యాస్ తీసుకునే అందరికీ ఉన్నది ఉన్నట్టు చెబుదామని రాస్తున్నాను. బుక్ చేసిన రెండో రోజుకే ఇంటికి వచ్చే సిలిండరు ఇప్పుడు ఐదారు రోజులు పడుతోంది. ఫిబ్రవరి మొదటి వారం దాకా ఇంతే.

మన లారీ డ్రైవరు రెండు నెలల పనికి విశాఖ వెళ్లి గ్యాస్ ట్యాంకరు ఎక్కాడు. సంక్రాంతి ముందు గ్యాస్ వాడకం పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే ట్యాంకరు డ్రైవర్లు సొంతూళ్లకు పోతారు. ప్రమాదకర సరుకు తోలడానికి శిక్షణ పొంది, లైసెన్సులో అది రాయించుకున్నవాళ్లు అంత సులువుగా దొరకరు. అందుకే ఓనర్లు బత్తా పెంచి పిలుస్తారు. "కూతురి కాలేజీ ఫీజు కట్టాలి, అన్నా" అని మన డ్రైవరు అడిగాడు. వద్దనడానికి నాకు మనసు రాలేదు. ఒక్క ట్యాంకరులో దాదాపు 18 టన్నులు వస్తుంది. మన ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండర్లు 1,200కు పైగా నిండుతాయి. ఆ బళ్లు కదలకపోతే మనకూ లోడు రాదు.

నాకూ ఆ లైసెన్సు ఉంది కాబట్టి లారీ నేనే తోలుతున్నాను. ఏజెన్సీ పెట్టకముందు నేనూ ట్యాంకరు తోలినవాణ్ణే. లోడు దించేటప్పుడు ఎంత అర్జెంటైనా చక్రాల కింద దిమ్మలు పెట్టి, ఎర్తు వైరు తగిలించాకే హోసు ముట్టేవాళ్లం. ఆ పద్ధతి తెలిసి కూడా పోయిన శనివారం నేను తప్పు చేశాను.

ఇంకా నలభై ఇళ్లు ఉన్నాయి, త్వరగా కానీరా అని డెలివరీ కుర్రాడికి ఫోన్ చేశాను. వాడు సీలు తీసి చూడకుండా ఒక మామ్మగారి ఇంట్లో సిలిండరు దించి వచ్చేశాడు. అరిసెలకు బియ్యం నానబోసుకుని ఉన్నారావిడ. రెగ్యులేటరు పెట్టగానే గుప్పున వాసన. వాల్వులో రబ్బరు వాచరు చిరిగిపోయి ఉంది. ఆవిడ ఏ స్విచ్చూ ముట్టకుండా రెగ్యులేటరు తీసి, టోపీ బిగించి, తలుపులు బార్లా తీసి, గ్యాస్ లీకైతే చేసే అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేశారు. అంత నిబ్బరంగా ఉండబట్టి ఏమీ కాలేదు. వెళ్లి క్షమాపణ అడిగితే, "పండగ పూట నువ్వు భయపడకు బాబూ" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మీ ఎదుటే సీలు తీసి, వాచరు చూసి, సబ్బు నీళ్లు వేసి, తూకం వేసి ఇస్తున్నాం. ఇంటికి పది నిమిషాలు పడుతుంది, ఆలస్యంలో కొంత దీనివల్లే. తూకం మీరూ చూసుకోండి. సిలిండరు మీద ఖాళీ బరువు 15.7 అని ఉంటే ముల్లు 29.9 దగ్గర ఆగాలి. పైన పట్టీ మీద ఎ-27 అని ఉంటే 2027 మార్చి లోపు దానికి మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. గడువు దాటింది కనిపిస్తే తీసుకోకండి. బిల్లు మీద రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

టౌనులో మంగళ, శుక్రవారాలు, కొండ ఊళ్లకు ఆదివారం బండి వస్తుంది. పిండివంటలకు రెండో సిలిండరు కావాలంటే ఈ వారమే బుక్ చేయండి. ఇంట్లో పసిపిల్లలో, మంచాన ఉన్నవాళ్లో ఉండి గ్యాస్ అయిపోతే ఆఫీసుకు ఫోన్ చేసి ఆ మాట చెప్పండి, ముందు మీ ఇంటికే వస్తాను.