ఒరేయ్ శీనూ, నా ఐదు ఆటల వరస ఇదీ

ఒరేయ్ శీనూ,

నాకు నచ్చిన వీడియో గేముల్ని వరసపెట్టి రాయమన్నావు కదా. ఐదే రాస్తున్నా. పది రాస్తే చివరివి మొహమాటానికి చేర్చినట్టే ఉంటాయి. బొమ్మలు బాగున్నాయా, కథ బాగుందా అని చూడలేదు. నా లెక్క ఒకటే: ఓడితే ఎందుకు ఓడామో తెలియాలి, మళ్ళీ మొదలెడితే ఆ తప్పు దిద్దుకునే వీలుండాలి.

ఆ లెక్కన నీకిష్టమైన జీటీఏ వైస్ సిటీకి చోటు దొరకలేదు. ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో మనవాళ్ళు దాన్ని ఎంత ఆడారో నాకూ తెలుసు. బండేసుకుని ఊరు తిరగడానికి 2002లో దాన్ని మించిన ఆట లేదు. కానీ బొమ్మ హెలికాప్టర్‌తో కట్టుబడిలో ఉన్న భవనంలో నాలుగు బాంబులు పెట్టే మిషన్ ఉంది చూడు, దాని మీటలు నంబర్ ప్యాడ్ మీద ఉంటాయి. ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో ఆడేవాడు ఓడితే తప్పు వాడిదా? నువ్వింకా అక్కడే ఆగిపోయి ఉంటే ముందు కంట్రోల్స్‌లోకెళ్ళి మీటలు మార్చుకో. తర్వాత మొదటి బాంబు ముట్టుకోకముందే లోపలున్న మనుషుల్ని రెక్కలతో కొట్టి దారి ఖాళీ చేసుకో. బాంబు ఎత్తేదాకా గడియారం మొదలవదు.

ఇక మొదటి స్థానం ఊరు కట్టి, సైన్యం పెంచి యుద్ధం చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ది. 1999లో వచ్చిన ఆట, 2019లో డెఫినిటివ్ ఎడిషన్ అని కొత్త రూపం వచ్చాక మళ్ళీ ఊపందుకుంది. "పది నిమిషాలు కాకుండానే అవతలివాడి గుర్రాలు నా ఊళ్ళో తిరుగుతున్నాయి, వాడేదో దొంగాట ఆడుతున్నాడు" అని రాశావు. దొంగాట కాదురా, కూడికే. ఒక్కో విలేజర్ (అంటే పనివాడు) తయారవడానికి 25 సెకన్లు. ఆట మొదట్లో ముగ్గురుంటారు. 21 మంది కావాలంటే ఇంకా 18 మంది, అంటే 450 సెకన్లు. లూమ్ అనే మెరుగుదలకి ఇంకో 25. మొత్తం 475, అంటే 7 నిమిషాల 55 సెకన్లు. అప్పుడు రెండో దశైన ఫ్యూడల్ ఏజ్ నొక్కితే దానికి 130 సెకన్లు. గుర్రాలు తయారయ్యేది ఆ దశ నుంచే. 10:05కి ఫ్యూడల్‌లో ఉంటావు. ఇంకా తక్కువ మందితో నొక్కినవాడు ఇంకా ముందే వస్తాడు. ఈలోగా విలేజర్లని తయారుచేసే నీ టౌన్ సెంటర్ రెండు నిమిషాలు ఖాళీగా కూర్చుందనుకో, దాదాపు ఐదుగురు విలేజర్లు పోయినట్టే. అక్కడే సగం ఆట పోతుంది.

అందుకని చేతులకి ముందు ఇది అలవాటు చెయ్యి: హెచ్ నొక్కితే టౌన్ సెంటర్, క్యూ నొక్కితే విలేజర్. మొదట 200 ఆహారం ఉంటుంది, విలేజర్‌కి 50 కాబట్టి నలుగుర్ని వరసలో పెట్టు. ఆ ముగ్గురిలో ఇద్దరు కలిసి ఒక ఇల్లు, మూడోవాడు ఇంకో ఇల్లు కడతారు. ఇంటికి 25 కలప. మొదటి ఆరుగురూ గొర్రెల మీద, తర్వాతి నలుగురూ కలప మీద. పదకొండోవాడు అడవిపందికి వెళ్తాడు. గొర్రెల్ని మాత్రం ఒక్కోదాన్నే కొయ్యి. రెండు మూడు ఒకేసారి కోస్తే నువ్వు తినేలోపు మిగతా మాంసం కుళ్ళి తగ్గిపోతూ ఉంటుంది.

పంది దగ్గరే చాలామంది చెడేది. ఒక గొర్రెలో 100 ఆహారం ఉంటే పందిలో 340 ఉంటుంది, వదులుకోలేం. విలేజర్ రెండు బాణాలు వేశాక వెంటనే టౌన్ సెంటర్‌కేసి పరుగెత్తించు. ఒక్క బాణంతో తిప్పేస్తే ఒక్కోసారి పంది సగం దారిలో వెనక్కి వెళ్ళిపోతుంది. మూడోది వేద్దామని నిలబడితే మనిషి పోతాడు. వాడి ప్రాణం 25, పంది దెబ్బ 7, నాలుగు దెబ్బలు చాలు. పంది గొర్రెల దగ్గరికి రాగానే అక్కడున్నవాళ్ళందర్నీ ఎంచి దాని మీదికి తిప్పు, తెచ్చినవాడు బలహీనంగా ఉంటే లోపలికి పంపు. చివరి దెబ్బ విలేజర్‌దే అయ్యుండాలి. టౌన్ సెంటర్ బాణాలకి చస్తే ఆ మాంసం మనకి దక్కదు. మొదటి పందిలో నూటయాభై దాకా మిగిలుండగానే రెండోదానికి మనిషిని పంపించు.

ఫ్యూడల్‌కి 500 ఆహారం, మొదటి దశైన డార్క్ ఏజ్ కట్టడాలు రెండు కావాలి. మిల్లు, లంబర్ క్యాంప్ ఉంటే ఆ రెండూ అయిపోయినట్టే. గుర్రాలొస్తున్నాయని తెలిస్తే విలువిద్యగాళ్ళ మీద డబ్బు తగలెయ్యకు. 35 ఆహారం, 25 కలపకి ఒక బల్లెంవాడు వస్తాడు. ముగ్గురు నలుగుర్ని కలప దగ్గర నిలబెట్టు చాలు.

2022లో ఈ ఆటకి అదనంగా వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియాలో ద్రావిడియన్స్ అనే జనం ఉన్నారు, నువ్వు వాళ్ళతోనే నేర్చుకో. ఒక్కో ఏజ్ దాటినప్పుడల్లా 200 కలప ఉచితంగా వస్తుంది. పొలానికి 60 కాబట్టి మూడు పొలాలకి సరిపోయి ఇరవై మిగులుతుంది. నైట్లు అనే గట్టి గుర్రపు రౌతులు లేకపోవడం పెద్ద లోటే, మైదానం మ్యాపుల్లో అది బాగా తెలుస్తుంది. దానికి బదులు చివరి ఏజ్‌లో కోటలో వూట్జ్ స్టీల్ అనే మెరుగుదల దొరుకుతుంది. అది కొన్నాక నీ కాలిబలం దెబ్బకి అవతలివాడి కవచం లెక్కలోకే రాదు. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు కరిగించిన ఉక్కు ఆ రకానిదే. ఆటలో దాన్ని చూస్తే నాకు ప్రతిసారీ గర్వంగా ఉంటుంది.

రెండోది టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ తయారుచేశాడు. మనకి చేతిలో పట్టుకునే బ్రిక్ గేమ్‌గా తెలిసింది అదే. పాత నింటెండో టెట్రిస్‌లో మొదటి లెవెల్లో ఒక్క వరస చెరిపితే 40, నాలుగు ఒకేసారి చెరిపితే 1200. విడివిడిగా నాలుగు చెరిపితే 160 మాత్రమే. అందుకే కుడి చివరి గడిని బావిలా ఖాళీగా ఉంచి మిగతా తొమ్మిదీ నింపుకుంటూ పోవాలి, ఎడమ పక్క కాస్త ఎత్తుగా. పొడుగు కడ్డీ కోసం ఎదురుచూస్తూ సగం ఎత్తు దాటించావంటే మాత్రం ఆశ వదిలి ఒకటి రెండు వరసలు కరిగించెయ్. ఆ పాతదాంట్లో కడ్డీ ఎప్పుడొస్తుందో హామీ లేదు, అది నాకు నచ్చదు. కొత్తవాటిలో ఏడు ముక్కల్నీ ఒక సంచీలో వేసి కలిపి ఇస్తారు, రెండు కడ్డీల మధ్య పన్నెండు ముక్కలకి మించి రావు. నా రెండో స్థానం ఈ సంచీ టెట్రిస్‌కే.

మూడు, స్టార్డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని చేసిన వ్యవసాయం ఆట, 2016లో వచ్చింది. వ్యవసాయమంటే తేలిగ్గా తీసుకోకు, ఇందులో తేదీలు తప్పితే క్షమించడు. రుతువుకి 28 రోజులు, రుతువు మారగానే ఆ పంట ఎండిపోతుంది. స్ట్రాబెర్రీ విత్తనాలు వసంతం 13వ తేదీ గుడ్ల పండుగలోనే అమ్ముతారు, ఒక్కోటి 100. ఎనిమిది రోజులకి మొదటి కాపు, తర్వాత నాలుగు రోజులకోసారి. ఆ రోజే వేస్తే 21న, 25న రెండు కాపులొస్తాయి, పండు 120 కాబట్టి విత్తనానికి 140 మిగులు. చిక్కేంటంటే పండుగ నుంచి బయటికొచ్చేసరికి రాత్రి పది. కాబట్టి పొద్దున్నే నేల తవ్వి నీళ్ళు పోసి ఉంచుకుని వెళ్ళు, రాత్రి వచ్చి విత్తనం వెయ్యి, ఆ తడి లెక్కలోకొస్తుంది. అంత హడావిడి వద్దనుకుంటే విత్తనాలు పెట్టెలో దాచి వచ్చే ఏడు వసంతం ఒకటో తేదీన వెయ్యి, ఐదు కాపులు తీస్తావు. పదిహేను మొక్కలు దాటాయంటే దిష్టిబొమ్మ పెట్టు, లేకపోతే కాకులు తినేస్తాయి. నీళ్ళ చెంబుతో ఒళ్ళు హూనం చేసుకోకు, ఫార్మింగ్ ఆరో లెవెల్‌కి రాగానే క్వాలిటీ స్ప్రింక్లర్లు మొదలెట్టు. ఒక ఇనప కడ్డీ, ఒక బంగారు కడ్డీ, ఒక రిఫైన్డ్ క్వార్ట్జ్ కలిపితే చుట్టూ ఎనిమిది గడులకి రోజూ తనే నీళ్ళు పోస్తుంది.

నాలుగు సూపర్ మారియో. 1985 నాటిదైనా ఈ రోజుకీ ఒక్క గెంతు కూడా అన్యాయం అనిపించదు. 1-2లో, అంటే మొదటి ప్రపంచం రెండో దశలో, పైకప్పు ఎక్కి చివరిదాకా నడిస్తే 2, 3, 4 ప్రపంచాలకి గొట్టాలుంటాయి, అది నీకూ తెలుసు. 3-1 మెట్ల మీద తాబేలుతో ప్రాణాలు పెంచుకునే కిటుకు వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. 127 దాటితే లెక్క తిరగబడి, తర్వాత ఒక్కసారి చస్తే చాలు ఆటే అయిపోతుంది.

ఐదు కాంట్రా, తుపాకీతో కాల్చుకుంటూ పోయే ఆట. మొదటి తెర మీద ఈ వరసలో బటన్లు నొక్కాలి. పైన, పైన, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ, స్టార్ట్: ముప్పై ప్రాణాలు. గుళ్ళు వెదజల్లే ఎస్ తుపాకీ దొరికితే ఇంకేదీ ముట్టుకోకు. ఎల్ పొరపాటున తగిలిందంటే బటన్ టకటకా నొక్కకు, నొక్కినప్పుడల్లా లేజర్ మళ్ళీ మొదటినుంచి బయల్దేరుతుంది. ఇద్దరాడేటప్పుడు జలపాతం దగ్గర పైనున్నవాడు ఆగాలి, వాడు ఎక్కుతూ పోతే తెర పైకి జరిగి కిందున్నవాడు చస్తాడు. ఆ తప్పు తెర మీద కాదు, పక్కన కూర్చున్న స్నేహితుడిలో ఉందని అందరికీ తెలిసిపోతుంది కాబట్టే ఐదో స్థానం ఇచ్చాను.

నీ ఐదూ రాసి పంపు, వైస్ సిటీకి ఎంత వకాల్తా పుచ్చుకుంటావో చూస్తా. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో నువ్వాడిన ఆటలన్నీ దానంతటదే రికార్డు చేసి ఉంచుతుంది, ఓడిన ఆట ఫైలు ఒకటి జత చెయ్యి. టౌన్ సెంటర్ ఎక్కడ ఖాళీగా ఉందో నిమిషాలతో సహా రాసి పంపిస్తా.

నీ
కిట్టు