శ్రీశైలం దారిలో ఈసారి మధ్యలోనే దిగుతున్నాం

తల్లిదండ్రులకు నమస్కారం.

మన దేవరకొండ వైపు శ్రీశైలం పోని ఇల్లు ఉండదు. డిండి దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దాటి, నల్లమల గుండా మీరు ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. నేనూ చిన్నప్పటి నుంచి వెళ్తూనే ఉన్నాను. మల్లన్న దర్శనం మీద ఉన్న ధ్యాస ఆ దారి మీద ఎప్పుడూ లేదు. అడవి వచ్చేసరికి నిద్రపోయేవాళ్లం.

జనవరి చివరి శనివారం 7, 8, 9 తరగతుల పిల్లలను అదే దారిలో తీసుకెళ్తున్నాం. శ్రీశైలం దాకా పోము. పొద్దున డిండి ప్రాజెక్టు కట్ట, ఆ తర్వాత సాయంత్రం వరకు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి ఈసారికి వద్దనుకున్నాం. వాళ్లు బాధపడుతున్నారని తెలుసు, పరీక్షలయ్యాక వాళ్ల కోసం వేరే ఆలోచన చేస్తాం.

డిసెంబరులో నేను, మా సైన్స్ సార్ ముందుగా వెళ్లి చూసి వచ్చాం. డిండి కట్ట దగ్గర ఒక బండ మీద నీటికాకి రెండు రెక్కలూ చాపి కదలకుండా నిలబడి ఉంది. రెక్కలు తడిసి బరువెక్కడం వల్ల అది సులువుగా లోతుకు మునిగి చేపను పట్టగలదు, బయటికి వచ్చాక మాత్రం ఎండకు ఆరబెట్టుకోవాల్సిందే. పది నిమిషాలు మేం మాట్లాడకుండా దాన్నే చూశాం. నీళ్లు వెనక్కి తగ్గిన చోట బురదలో కొంగలు, ఉల్లంకి పిట్టలు ముక్కులు పొడుస్తూ తిరుగుతున్నాయి. మనం అసహ్యించుకునే ఆ బురదే వాటికి అన్నం గిన్నె. ఇలాంటి చిత్తడి నేలలను కాపాడుకోవాలని 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్సర్ పట్టణంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఏటా అదే రోజున చిత్తడి నేలల దినం జరుపుతారు. మన పిల్లలు డిండిలో చూసింది ఆ రోజు ప్రార్థనలో చెబుతారు.

అమ్రాబాద్ అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాల్లో ఇదొకటి. పులి కనిపిస్తుందని మాత్రం దయచేసి ఇంట్లో పిల్లలకు ఆశ పెట్టకండి. కనిపించకపోతే అడవిలో ఏమీ లేదనుకుని తిరిగొస్తారు. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కలు, కణితి అనే పెద్ద దుప్పి అక్కడే ఉంటాయి, మన కంట పడాలని లేదు. పుస్తకంలో మన రాష్ట్ర జంతువుగా చదివిన చుక్కల దుప్పి ఫర్హాబాద్ వైపు కనిపించే అవకాశం ఎక్కువ. పుట్ట తవ్వేసి ఉంటే చెదల కోసం ఎలుగుబంటి వచ్చిందేమో చూడాలి. నల్లమద్ది చెట్టు బెరడు మొసలి చర్మంలా పగిలి ఉంటుంది. ప్రతి పిల్లా దాని మీద చెయ్యి పెట్టి చూడాలని నా కోరిక.

అటవీశాఖ వాళ్లతో కాపలా పనిలో చెంచు యువకులు ఉంటారు. పిల్లలు వాళ్లను అన్నా అని పిలవాలి, చెప్పింది వినాలి. చెంచుపెంటలు మనం ఫొటోలు తీసుకునే వింతలు కావు, అవి వాళ్ల ఇళ్లు. ఈ మాట మీరూ ఒకసారి ఇంట్లో చెప్పి పంపండి.

ఇంకో విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. బస్సు కిటికీలోంచి కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసరడం మనలో చాలామంది పుణ్యం అనుకుని చేస్తాం. అలా అలవాటు పడిన కోతులు అడవి వదిలి రోడ్డు మీదే కూర్చుంటాయి, బండ్ల కింద పడి చస్తాయి. తల్లి కడుపును పట్టుకున్న పిల్ల కూడా. మన బస్సులోంచి ఒక్క పండు కూడా బయటికి పోదు.

రెండేళ్ల కింద వేరే చోటికి విహారయాత్ర తీసుకెళ్లినప్పుడు దారి పొడుగునా డీజే పాటలు, చిప్స్ ప్యాకెట్లు. తిరిగొచ్చాక ఒక పాప "టీచర్, అక్కడ మనం ఏం చూసినం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈసారి బస్సులో పాటలు లేవు, ఫోన్లు లేవు.

అభయారణ్యంలో ప్లాస్టిక్ నిషేధం ఉంది. సంక్రాంతి సకినాలు, అప్పాలు ఇంకా డబ్బాల్లో ఉంటాయి కదా, అవే స్టీలు డబ్బాలో పెట్టండి. సద్దికి పులిహోర గానీ జొన్నరొట్టె గానీ ఏదైనా సరే. స్టీలు సీసాలో నీళ్లు, నిండు చేతుల చొక్కా, బూట్లు, ఒక నోటు పుస్తకం, పెన్సిల్. చొక్కా ఎరుపు, తెలుపు కాకుండా ఆకుపచ్చదో మట్టి రంగుదో అయితే మంచిది. ఆస్తమా ఉన్నవాళ్లు, బస్సులో వాంతులయ్యేవాళ్లు ఎవరో క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి, మందులు మేం దగ్గర పెట్టుకుంటాం.

పొద్దున 5:30కు బడి దగ్గరి నుంచి బయలుదేరుతాం. మన్ననూరు దాటాక సిగ్నల్ సరిగా ఉండదు, ఫోన్ కలవకపోతే టెన్షన్ పడకండి. తిరిగి డిండి చేరగానే ప్రతి తరగతి వాట్సాప్ గ్రూపులో కబురు పెడతాం. పిల్లలను దించుకోవడానికి రాత్రి 8 గంటలకు గేటు దగ్గర ఉండండి.

ఈ లేఖతో ఒప్పుకోలు పత్రం జతచేశాం. దాని వెనక కొంత ఖాళీ ఉంది. ఇంట్లో తాతలు, అవ్వలు మన చెరువు దగ్గర చిన్నప్పుడు చూసిన పిట్టల పేర్లు వాళ్ల మాటల్లోనే అక్కడ రాయించి, సంతకం చేసి, సంక్రాంతి సెలవులయ్యాక మొదటి రోజే పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు