± తరవాతి అంకె కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

కణాలను ఢీకొట్టే యంత్రాల గురించి మన పత్రికల్లో వార్త వస్తే శీర్షిక దాదాపు ఎప్పుడూ రెండు రకాల్లో ఒకటి: ‘భౌతికశాస్త్రం తలకిందులు’, లేదా ‘కొత్త కణం జాడ లేదు’. రెండు రకాల వార్తల్లోనూ ఒక అంకె కనబడదు. శాస్త్రజ్ఞులు ఇచ్చిన ఫలితంలో ± గుర్తుకి కుడివైపున ఉండే అంకె అది, కొలత ఎంత మేర అటూ ఇటూ కావచ్చో చెప్పే అంచనా. దాన్ని డెస్కు మీద ఎవరో పాఠకుడికి అనవసరమనుకుని కొట్టేస్తున్నారు. నిజానికి ఈ వృత్తిలో ఎక్కువ శ్రమంతా ఆ అంకె కోసమే. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో టెవట్రాన్ యంత్రం 2011 సెప్టెంబరులో ఆగిపోయింది. దాని మీద సీడీఎఫ్ బృందం కొలిచిన డబ్ల్యూ బోసాన్ (ఒక రకం రేడియోధార్మికతకి కారణమైన బలాన్ని మోసే కణం) ద్రవ్యరాశి బయటికొచ్చింది 2022 ఏప్రిల్‌లో. మధ్యలో పదేళ్లకు పైగా వాళ్లు చేసిన పని చాలా మటుకు కుడివైపు అంకెని నమ్మదగినదిగా చేయడమే.

ఆ ఫలితం 80,433.5 ± 9.4 ఎంఈవీ, అంటే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల బరువుకి వాడే యూనిట్. ప్రామాణిక నమూనా, అంటే మౌలిక కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం, అంచనా 80,357 ± 6. తేడా 76.5. రెండు పొరపాటు అంకెలనీ వర్గాలు చేసి, కలిపి, వర్గమూలం తీస్తే 11 చిల్లర వస్తుంది. 76.5ని దానితో భాగిస్తే దాదాపు 7. తేడా ఇలా కలిపిన పొరపాటుకి ఎన్ని రెట్లో చెప్పేదే సిగ్మా, ‘ఏడు సిగ్మా’ అని అప్పట్లో మారుమోగింది ఈ ఏడే. క్యాలిక్యులేటర్ ఉన్న పాఠకుడు ఎవరైనా చేసుకోగల లెక్క ఇది, కానీ 9.4నీ 6నీ అచ్చు వేస్తేనే. తేడా ఒక్కటే వేస్తే అది శాతంలో పదో వంతు కూడా లేదు. ఇంత చిన్న తేడాకి ఇంత గోలేమిటని పాఠకుడు అనుకుంటే తప్పు అతనిది కాదు.

గోలకి కారణం ఉంది. డబ్ల్యూ ద్రవ్యరాశి విడిగా నిలిచే సంఖ్య కాదు. టాప్ క్వార్క్, హిగ్స్ అనే మరో రెండు కణాల ద్రవ్యరాశులకి ముడిపడి ఉంటుంది. టాప్ 1 జీఈవీ (వెయ్యి ఎంఈవీ) బరువెక్కితే డబ్ల్యూ అంచనా సుమారు 6 ఎంఈవీ పెరుగుతుంది. యంత్రం శక్తికి అందనంత బరువైన కొత్త కణం ఏదైనా ఉంటే, అది నేరుగా పుట్టకపోయినా డబ్ల్యూని ఇలాగే కొంచెం జరపగలదు. టాప్ క్వార్క్ విషయంలో జరిగింది అదే. 1995లో ఫెర్మీల్యాబ్‌లో అది దొరక్కముందే, యూరప్‌లోని సెర్న్ పరిశోధనశాలలో అప్పటి ఎల్ఈపీ యంత్రం కొలతల నుంచి దాని బరువు ఎక్కడ ఉండాలో అంచనా వేశారు. దొరికింది ఆ దరిదాపుల్లోనే.

ఇప్పుడు తూకం ఎలా వేస్తారో చూద్దాం. డబ్ల్యూ పుట్టగానే విరిగిపోతుంది. కొలతకి బాగా పనికొచ్చేది అది ఒక మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌ని పోలిన, దానికంటే బరువైన కణం), ఒక న్యూట్రినోగా విరిగినప్పుడు. న్యూట్రినో పరికరంలో ఏ జాడా వదలకుండా వెళ్లిపోతుంది. అంటే రెండు ముక్కల్లో ఒకటి చేతికి రాదు, ఉన్న ముక్క నుంచే మొత్తం బరువు చెప్పాలి. మ్యూయాన్ ద్రవ్యవేగంలో కిరణపుంజానికి అడ్డంగా ఉండే భాగాన్ని కొలిచి, కోట్ల ఘటనలకి గ్రాఫు గీస్తే అది డబ్ల్యూ బరువులో సగం దగ్గర, అంటే 40 జీఈవీ దగ్గర, శిఖరానికెక్కి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ అంచు ఎక్కడుందన్నదే కొలత. డబ్ల్యూ బరువు 10 ఎంఈవీ మారితే అంచు 5 ఎంఈవీ జరుగుతుంది. 40,000లో 5. కాబట్టి మ్యూయాన్ ద్రవ్యవేగం పదివేలలో ఒక వంతు వరకు తెలియాలి.

ద్రవ్యవేగం తెలిసేది అయస్కాంత క్షేత్రంలో దారి ఎంత వంగిందన్నదాన్ని బట్టి. సెర్న్‌లో ఇప్పటి యంత్రం ఎల్‌హెచ్‌సీ మీద ఉన్న సీఎంఎస్ పరికరంలో క్షేత్రం 3.8 టెస్లా. 40 జీఈవీ మ్యూయాన్ అందులో గీసే వృత్తానికి వ్యాసార్ధం సుమారు 35 మీటర్లు. దారిని పట్టే సిలికాన్ పొరలు వ్యాపించి ఉన్నది కేంద్రం నుంచి 1.1 మీటర్ల మేరే. అల్లెతాడు మధ్య నుంచి విల్లు ఎంత ఎడంగా ఉంటుందో, ఆ ఎడం ఇక్కడ లెక్కవేస్తే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. దానిలో పదివేలలో ఒక వంతు 0.4 మైక్రోమీటరు, వెంట్రుక మందంలో నూరో వంతు కూడా కాదు. ఒక్కొక్క సిలికాన్ సెన్సారు చెప్పగలిగేది పది, ఇరవై మైక్రోమీటర్ల ఖచ్చితత్వంతోనే. మరి ఎలా కుదురుతుంది? కోట్ల మ్యూయాన్ల సగటుతో. కానీ సగటు పోగొట్టేది ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ పడే పొరపాట్లనే. ఒక సెన్సారు బిగించిన చోటు నుంచి అర మైక్రోమీటరు పక్కకి ఉంటే, ఎన్ని కోట్ల మ్యూయాన్లు దాటినా ఆ అర మైక్రోమీటరు అలాగే ఉంటుంది.

అందుకే బరువు ముందే తెలిసిన కణాలతో పరికరాన్ని సరిచూస్తారు, తక్కెడలో ముద్ర వేసిన రాయి పెట్టి చూసినట్టు. జే-సై అనే కణం రెండు మ్యూయాన్లుగా విరుగుతుంది, బరువు 3,096.9 ఎంఈవీ. డబ్ల్యూకి జోడీ అయిన జెడ్ బోసాన్ కూడా రెండు మ్యూయాన్లుగా విరుగుతుంది, బరువు 91,187.6 ± 2.1. (ఆ 2.1 వెనక చంద్రుడు కూడా ఉన్నాడు. ఎల్ఈపీ రోజుల్లో చంద్రుడి ఆకర్షణ వల్ల 27 కిలోమీటర్ల వలయం చుట్టుకొలత మిల్లీమీటరు మేర మారేది. దగ్గర్లో వెళ్లే రైళ్ల నుంచి నేలలోకి కారే కరెంటు అయస్కాంతాలను కదిపేది. రెండింటినీ లెక్కలోంచి తీసేశాకే ఆ అంకె.) ఇక్కడ తేడా వచ్చే దారులు ప్రధానంగా మూడు. అయస్కాంత క్షేత్రం విలువ కాస్త తప్పయితే ద్రవ్యవేగాలన్నీ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి. మ్యూయాన్ దాటే లోహం, సిలికాన్ ఎంతున్నాయో తప్పుగా లెక్కవేస్తే శక్తి నష్టం తప్పుతుంది. ఇది నెమ్మదిగా పోయే మ్యూయాన్ల దగ్గరే ఎక్కువ కనబడుతుంది. పొరలు కాస్త మెలితిరిగి ఉంటే ధన మ్యూయాన్ ఒకవైపు, రుణ మ్యూయాన్ దానికి ఎదురువైపు తప్పుతాయి, వేగం పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది. మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి కాబట్టే వాటిని విడదీయడం సాధ్యమవుతోంది. జే-సైతో సరిచేసి, ఆ సవరణతో జెడ్ బరువు సరిగ్గా వస్తోందా లేదా అని చూస్తారు. రాకపోతే మళ్లీ మొదటికి.

ఇంత చేసినా సగమే అయినట్టు. డబ్ల్యూ పుట్టేటప్పుడే పక్కకి కొంత వేగంతో పుడుతుంది, అది మ్యూయాన్ అంచుని మసకబారుస్తుంది. ఆ పక్కవేగం ఎంతన్నది సిద్ధాంతం నుంచి తెచ్చుకోవాలి. ప్రోటాన్ లోపలి చిన్న కణాలైన క్వార్కుల్లో ఏది ఎంత వాటా మోస్తోందన్న పట్టికలు కూడా కావాలి. టెవట్రాన్‌లో ప్రోటాన్‌ని ప్రతిప్రోటాన్‌తో ఢీకొట్టేవారు, డబ్ల్యూ పుట్టడానికి క్వార్క్‌తో పాటు కావలసిన ప్రతిక్వార్క్ ప్రతిప్రోటాన్‌లోనే దండిగా ఉండేది. ఎల్‌హెచ్‌సీలో రెండువైపులా ప్రోటాన్లే. ప్రతిక్వార్క్ క్షణకాలం పుట్టి పోయే జంటల నుంచి రావాలి, కాబట్టి పట్టికల్లో అనిశ్చితి ఎక్కువ. పైగా పుంజాలు ఒక్కసారి దాటుకునేటప్పుడు పదుల కొద్దీ ఢీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. న్యూట్రినో మోసుకుపోయిన ద్రవ్యవేగాన్ని మిగతావాటి లెక్కనుంచి రాబట్టే పద్ధతి అక్కడ అంత బాగా నడవదు. సీఎంఎస్ బృందం అందుకే మ్యూయాన్‌నే నమ్ముకుంది.

వాళ్ల ఫలితం 2024 సెప్టెంబరులో వచ్చింది: 80,360.2 ± 9.9. ప్రామాణిక నమూనాకి అతికినట్టు సరిపోయింది. మన దగ్గర దీనికి 2022 నాటి శీర్షికలో పదో వంతు చోటు కూడా దక్కలేదు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. సీడీఎఫ్ వాడిన డబ్ల్యూలు సుమారు 42 లక్షలు, సీఎంఎస్ వాడినవి సుమారు 11.7 కోట్లు. ఇరవై ఏడు రెట్లకు పైగా ఎక్కువ. అయినా పొరపాటు అంకె 9.4, 9.9. ఘటనల సంఖ్య ఇక్కడ అడ్డంకి కాదని ఆ రెండంకెలే చెబుతున్నాయి. ఇంకొకటి, రెండు ఫలితాల మధ్య తేడా 73. రెండు పొరపాట్లనీ కలిపి చూస్తే అయిదు సిగ్మా దాటుతుంది. కొత్త భౌతికశాస్త్రం ఉన్నా, లేకపోయినా డబ్ల్యూకి రెండు బరువులు ఉండవు. ఎవరో ఒకరి లెక్కలో కంటికి చిక్కనిది ఏదో ఉంది. ఎల్‌హెచ్‌సీ మీదే పనిచేసే అట్లాస్ బృందం విలువ 80,366.5 ± 15.9 సీఎంఎస్ వైపే ఉంది కనుక అనుమానం సీడీఎఫ్ మీదికి మళ్లుతోంది. కానీ ఎక్కడ తప్పిందో ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. అంతవరకు దాన్ని ‘తప్పని తేలింది’ అని రాయడం కూడా తొందరపాటే.

శీర్షికలు పప్పులో కాలేసిన మరో రెండు సందర్భాలు గుర్తు చేస్తాను, ఎందుకంటే ఆ రెండు తప్పులూ ఒక జాతివి కావు.

2015 డిసెంబరులో అట్లాస్, సీఎంఎస్ రెండూ 750 జీఈవీ దగ్గర ఫోటాన్ (కాంతి కణం) జంటలు ఎక్కువగా కనిపించాయన్నాయి. అట్లాస్‌లో 3.6 సిగ్మా. అయితే అది ఆ ఒక్క చోటునే చూస్తే వచ్చే లెక్క. వందల జీఈవీల మేర గ్రాఫంతా వెతికితే ఎక్కడో ఒకచోట గుట్ట లేవడం మామూలే. ఆ వెతుకులాటని కూడా లెక్కలోకి తీసుకుంటే మిగిలేది 2.0 సిగ్మా. అంటే కొత్త కణమేమీ లేకపోయినా నలభై నాలుగింట ఒకసారి అలాంటి గుట్ట రావచ్చు. ఆ రెండో అంకె కూడా బృందం ఆ రోజే చెప్పింది. పత్రికలు మొదటిది మాత్రమే ఎత్తుకున్నాయి. ఆమాటకొస్తే సిద్ధాంతవేత్తలు కూడా ఏమంత నిగ్రహం చూపలేదు, ఆ గుట్ట మీద వందల పరిశోధన పత్రాలు రాశారు. 2016 ఆగస్టు నాటికి నాలుగైదు రెట్ల డేటా వచ్చింది, గుట్ట సర్దుకుపోయింది.

రెండోది ఎల్‌హెచ్‌సీ మీద ఇంకో బృందమైన ఎల్‌హెచ్‌సీబీది. బి మెసాన్ అనే కణం విరిగేటప్పుడు మ్యూయాన్లు, ఎలక్ట్రాన్లు సమానంగా రావాలి. మ్యూయాన్లు తక్కువగా ఉన్నాయని 2021 మార్చిలో 3.1 సిగ్మాతో ప్రకటించారు. 2022 డిసెంబరులో మళ్లీ లెక్కవేస్తే తేడా పోయింది. ఈసారి పోయింది అదృష్టం మళ్లడం వల్ల కాదు. పయాన్లు, కేయాన్ల వంటి వేరే కణాలు కొన్ని ఎలక్ట్రాన్ వేషంలో లెక్కలోకి దూరాయి. ఎలక్ట్రాన్ల సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువ కనబడింది, నిష్పత్తి పడిపోయింది. 750 గుట్టని ఎక్కువ డేటా కడిగేసింది. ఈ దొంగ ఎలక్ట్రాన్లని ఎంత డేటా తెచ్చినా కడగలేదు, డేటాతో పాటు అవీ పెరుగుతాయి. అయిదు సిగ్మా అంటే పొరపాటుకి అవకాశం ముప్పై అయిదు లక్షల్లో ఒకటి అని మన పత్రికలు రాస్తుంటాయి. ఆ లెక్క మొదటి జాతి పొరపాటుకి మాత్రమే వర్తిస్తుంది.

‘కొత్త కణం లేదు’ అన్న వార్తకి కూడా ఇదే జబ్బు. జెడ్‌ని పోలిన బరువైన బోసాన్ సుమారు 5 టీఈవీ (అయిదు వేల జీఈవీ) వరకు లేదని అంటే, అది మామూలు జెడ్ లాగే మిగతా కణాలతో అతుక్కుంటుందన్న షరతు మీద. ఆ అతుకు బలహీనమైతే హద్దు కిందికి దిగుతుంది. ఇంకో చిక్కు: ఎల్‌హెచ్‌సీలో పుంజాలు సెకనుకి నాలుగు కోట్లసార్లు దాటుకుంటాయి, వాటిలో డిస్కు మీదికి చేరేవి కొన్ని వేలు. ఏవి ఉంచాలో సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా తొలి వడపోత తేల్చేస్తుంది. అప్పుడు వదిలేసినది మళ్లీ దొరకదు. పుట్టాక కొన్ని సెంటీమీటర్లు నడిచి విరిగే కణాల్లాంటివాటిని పట్టడానికి ఆ వడపోతని ప్రత్యేకంగా మార్చాల్సి వచ్చింది. కాబట్టి ‘ఫలానా షరతులతో, ఫలానా బరువు వరకు లేదు’ అన్నదే సరైన వాక్యం.

ఒక చిన్న మనవి యూనిట్ల గురించి. 80,433.5 ఎంఈవీ, 80.4335 జీఈవీ ఒకటే. ఒక పేరాలో ఒకటి, ఇంకో పేరాలో రెండోది వేసి, మధ్యలో చుక్క జారిపోతే కణం బరువు వెయ్యి రెట్లు మారిపోతుంది. ఏదో ఒక యూనిట్ తీసుకుని వార్త చివరిదాకా అదే ఉంచండి. హిగ్స్‌కి మీరు పెట్టే ‘దైవకణం’ పేరు సంగతి ఇక ఎత్తను.

చోటు చాలదనే మాట వస్తుందని తెలుసు. డబ్ల్యూ మీద ఇప్పుడు వార్త రాయాల్సివస్తే ఇలా రాయవచ్చు: ‘డబ్ల్యూ బోసాన్ ద్రవ్యరాశిని సీఎంఎస్ బృందం 80,360.2 ఎంఈవీగా కొలిచింది. ఇందులో పొరపాటు అంచనా అటూ ఇటూ 9.9 ఎంఈవీ. ఇది సిద్ధాంతపు అంచనాకి సరిపోతోంది, అట్లాస్ ఫలితానికీ సరిపోతోంది. 2022 నాటి సీడీఎఫ్ ఫలితానికి సరిపోవడం లేదు. ఎందుకో ఇంకా తేలలేదు.’ సింగిల్ కాలమ్‌లో వేసినా మీకు పట్టేది పది పదిహేను లైన్లే.

ఇట్లు
ఒక పాఠకుడు