మోటర్‌హోమ్ యాత్రకు రాత్రుల లెక్క ముఖ్యం

సంపాదకులకు నమస్కారాలు.

వేసవి సెలవుల్లో యూరప్ వెళ్లాలనుకునే కుటుంబాల కోసం మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుంటే పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు హాయిగా చుట్టి రావచ్చని అందులో రాశారు. అలాంటి బండిలో పన్నెండు రాత్రులు గడిపి వచ్చినదాన్ని కనుక, ఆ మాట నమ్మి ఎవరైనా పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని బయలుదేరితే ఎంత అలసిపోతారో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కాకినాడ. మా వారూ నేనూ బ్యాంకు ఉద్యోగాల నుంచి పదవీ విరమణ చేశాము. అమ్మాయి, అల్లుడు జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఉంటున్నారు. కిందటి మే నెలలో మేమిద్దరం, వాళ్లిద్దరు, అయిదేళ్ల మనవరాలు కలిసి ఈ యాత్ర చేశాము. మన వైపు క్యారవాన్ అంటే షూటింగుల దగ్గర సినిమావాళ్లు విశ్రాంతి తీసుకునే బండి అని అందరికీ తెలుసు. అక్కడ క్యారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లేది, మోటర్‌హోమ్ అంటే తన ఇంజను తనకే ఉన్న చక్రాల ఇల్లు.

అల్లుడు మొదట వేసిన ప్రణాళికలో లక్సెంబర్గ్, బెల్జియం, నెదర్లాండ్స్, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా అన్నీ ఉన్నాయి. మొత్తం 2,400 కిలోమీటర్లు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ బండి సగటున గంటకు 70 కిలోమీటర్లు నడిచిందనుకున్నా స్టీరింగు ముందే 34 గంటలు గడిచిపోతాయి. బస మారిన ప్రతిసారీ కరెంటు తీగ చుట్టి, మురికినీళ్లు వదిలి, మంచినీళ్లు నింపి, అలమరలన్నీ బిగించి కదలడానికి గంట, కొత్త చోట బండిని సమంగా నిలిపి ఇవన్నీ మళ్లీ అమర్చుకోవడానికి ఇంకో గంట. ఆ కాగితం చూసి అల్లుడు, "అత్తయ్యా, ఇక మీరే చెప్పండి, ఎన్ని చోట్ల ఆగుదాం?" అన్నాడు. ఏ దేశాలు చూడాలన్న ప్రశ్న పక్కన పెట్టి, ఎక్కడెక్కడ ఎన్ని రాత్రులు ఉండాలన్న ప్రశ్నతో మొదలుపెట్టాము. ఒక చోట రెండు రాత్రులకు తక్కువ ఉండకూడదు, బస మారే రోజున నూట యాభై కిలోమీటర్లు దాటకూడదు అని నియమం పెట్టుకున్నాము. వెళ్లేరోజు, తిరిగి వచ్చేరోజు మాత్రమే ఆ హద్దు దాటాము.

ఆ నియమానికి సరిగ్గా సరిపోయిన చోటు బోడెన్‌జే, ఇంగ్లీషువాళ్లు కాన్‌స్టన్స్ అని పిలిచే సరస్సు. 536 చదరపు కిలోమీటర్ల ఆ నీటి చుట్టూ జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ఉన్నాయి. సరస్సులోని పెద్ద భాగంలో నీటి మీద సరిహద్దు ఎక్కడుందో ఆ మూడు దేశాలూ నేటికీ ఒప్పందం రాసుకోలేదు, అయినా తగవు లేకుండా పడవలు తిరుగుతున్నాయి. మేము జర్మనీ ఒడ్డునే ఉన్న మేర్స్‌బుర్గ్ దగ్గర మూడు రాత్రులు, లిండావ్‌లో మూడు, స్విట్జర్లాండ్‌లోని స్టైన్ ఆమ్ రైన్‌లో రెండు, జర్మనీలోని బ్లాక్ ఫారెస్టు అనే అడవి ప్రాంతంలోని టిటిజేలో రెండు, చివరికి ఫ్రాన్స్‌లోని ఆల్సాస్‌లో రెండు రాత్రులు ఉన్నాము. ఇంటికి తిరిగి వచ్చేసరికి మొత్తం ప్రయాణం 750 కిలోమీటర్లు దాటలేదు.

ఆస్ట్రియాకు మా బండి అసలు వెళ్లనే లేదు. లిండావ్‌లో దాన్ని చెట్టు కింద వదిలి, రైలెక్కితే పది నిమిషాల్లో బ్రెగెంట్స్ చేరుకున్నాము. అక్కడి నుంచి తీగబండిలో 1,064 మీటర్ల ఫ్ఫెండర్ కొండ ఎక్కి కిందికి చూస్తే సరస్సంతా ఒక్కసారి కనిపించింది. మోకాళ్ల నొప్పితో నాలుగు మెట్లు ఎక్కడానికి ఆలోచించే మా వారు ఆ కొండ మీద రెండు గంటలు కూర్చున్నారు. మరునాడు లీక్టెన్‌స్టైన్‌కు వెళ్లి వద్దామా, ఇంకో దేశం చూసినట్టవుతుంది అన్న మాట వచ్చింది. దాని రాజధాని వాడుట్స్ అక్కడికి గంట ప్రయాణం కూడా లేదు. అయినా మానుకున్నాము. ఆ రోజంతా మనవరాలు లిండావ్ రేవులో, 1856లో కట్టిన దీపస్తంభానికి ఎదురుగా కూర్చున్న రాతి సింహం కింద పడవలు లెక్కపెట్టింది. ఆ రోజు గురించి అది ఇప్పటికీ ఫోనులో చెబుతూనే ఉంటుంది.

నెమ్మదిగా వెళ్లాలని చెప్పడం సులువే, అందుకు తగిన ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. మీ వ్యాసంలో వీటి ప్రస్తావన లేదు కనుక కొన్ని చెబుతాను.

వీసా సంగతి మొదటిది. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశపు కాన్సులేటుకే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది కనుక విడిగా వీసా అక్కరలేదు, కానీ జర్మనీ సిమ్‌కార్డు అక్కడ మామూలు చార్జీకే పనిచేస్తుందనుకోకూడదు. సరస్సు ఇవతలి ఒడ్డున ఉన్నా ఫోను అవతలి స్విస్ టవరును పట్టుకోవచ్చు. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు మొదలుపెట్టింది, అందువల్ల పాస్‌పోర్టులు సామాను అడుగున దాచకుండా చేతికి అందేలా ఉంచుకోవాలి.

బండి ఎంచుకునేటప్పుడు చాలామంది పడకలు లెక్కపెడతారు. లెక్కపెట్టవలసింది సీటు బెల్టులు. అయిదుగురు పడుకోగలిగినా నాలుగే బెల్టు సీట్లు ఉన్న బండ్లు చాలా ఉంటాయి, అయిదో మనిషిని పడక మీద కూర్చోబెట్టి నడపడం ప్రమాదం, చట్టవిరుద్ధం కూడా. రెండోది బరువు. మామూలు కారు లైసెన్సుతో నడపగల బండి మొత్తం బరువు 3,500 కిలోలు మించకూడదు. ఖాళీ బండే దాదాపు మూడు వేల కిలోలుంటే, నూరు లీటర్ల నీళ్లు, అయిదుగురు మనుషులు, గ్యాసు, సామాను అన్నీ ఆ మిగిలిన కొద్ది వందల కిలోల్లోనే ఇమడాలి. నేను పది కిలోల సన్నబియ్యం బస్తా పెట్టించబోతే అల్లుడు మారుమాట్లాడకుండా బండిని వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లి తూకం చూపించాడు. సగం బస్తా ఇంట్లోనే దింపేశాను. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా పోలీసులు బరువు తనిఖీ చేసి జరిమానా వేస్తారు.

మన ఊరి నుంచి బండిలోకి ఏం పట్టుకెళ్లాలన్నది కూడా తెలుసుకోవలసిన విషయమే. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు. అంటే నెయ్యి, పాలకోవా వదిలేయాలి. తాజా కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ, పొడులు, చింతపండు నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు, కొబ్బరికాయకూ అడ్డు లేదు. ఆవకాయ సీసా మాత్రం బరువైన గాజుసీసా కాకుండా బిగుతైన ప్లాస్టిక్ డబ్బా అయితే మంచిది. ఒక ఉదయం ఒక అలమర గొళ్లెం సరిగా పడలేదు. రౌండెబౌట్ తిరుగుతుండగా తలుపు తెరుచుకుని సీసా కిందపడి పగిలింది. ఎర్రటి నూనె మెట్ల సందులోకి, పరుపు అంచు కిందికి పాకింది. అమ్మాయి, నేను మోకాళ్ల మీద కూర్చుని వేడినీళ్లతో, సున్నిపిండితో గంటన్నర తుడిచాము. ఆ వేళ బస మారే రోజు అయినా దగ్గరి ఊరికే వెళుతున్నాము కనుక ఆ గంటన్నర ఎవరికీ బరువు కాలేదు. ఆ సాయంత్రానికి మూడు వందల కిలోమీటర్లు వెళ్లి తీరాల్సి ఉంటే మా అందరి మనసులూ ఎలా ఉండేవో ఊహించగలను.

జర్మనీలో చాలా క్యాంపింగ్ స్థలాల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా విశ్రాంతి సమయం పాటిస్తారు. గేటు దించేస్తారు, బండి లోపలికీ రాదు, బయటికీ పోదు. మొదటి రోజు ఒంటిగంటా పది నిమిషాలకు మేర్స్‌బుర్గ్ దగ్గరి గేటు ముందుకు చేరాము. బయట ఆపిల్ తోట పక్కన దుప్పటి పరిచి, పొద్దున కలిపి తెచ్చుకున్న పులిహోర తిన్నాము. మనవరాలు తాతయ్య ఒడిలో నిద్రపోయింది. చెట్ల సందుల్లోంచి సరస్సు మీద తెల్లటి ఫెర్రీ ఒకటి అవతలి ఒడ్డున ఉన్న కాన్‌స్టాన్స్ ఊరి వైపు వెళ్లడం, మరొకటి రావడం చూస్తూ కూర్చున్నాము. 1928 నుంచి నడుస్తున్న ఆ ఫెర్రీలోనే వారం తర్వాత మా బండితో సహా పావుగంటలో అవతలి ఒడ్డుకు చేరాము. గేటు విషయం ముందే తెలుసుకుని బయలుదేరితే పన్నెండు లోపు, లేదంటే మూడు దాటాక చేరుకోవచ్చు. ఆదివారాలు జర్మనీలో దుకాణాలు మూసి ఉంటాయి కనుక పాలు, కూరగాయలు శనివారమే కొనుక్కోవాలి.

రాత్రిపూట బండి ఎక్కడ పడితే అక్కడ నిలపవచ్చన్న అపోహ ఉంది. ఆస్ట్రియాలోని టిరోల్‌లో, క్రొయేషియాలో అది నేరం. జర్మనీలో డ్రైవరు అలసట తీర్చుకోవడానికి ఒక రాత్రి రోడ్డు పక్క పార్కింగులో నిద్రపోనిస్తారు గానీ, బయట కుర్చీలు వేసి గుడారం కట్టనివ్వరు. ఫ్రాన్స్ ఈ విషయంలో ఉదారమైన దేశం. పట్టణాలు మోటర్‌హోమ్‌ల కోసమే స్థలాలు కేటాయించాయి. 1993లో మొదలైన ఫ్రాన్స్ పాసియోన్ అనే ఏర్పాటులో ఏటా చందా కడితే, రైతులు, ద్రాక్షతోటల వాళ్లు తమ ఆవరణలో ఒక రాత్రి ఉచితంగా ఉండనిస్తారు. ఏదో ఒకటి కొనాలన్న నిబంధన లేదు. ఆల్సాస్‌లోని కొల్మార్ దగ్గర ఒక తోటలో మేమున్న రాత్రి ఇంటి పైకప్పు మీద కొంగల జంట ముక్కులు టకటకలాడించుకున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గుర్తొచ్చి మా వారు చాలాసేపు నిద్రపోలేదు.

టోల్ గురించి తెలియక ఖర్చు పెట్టేవాళ్లే ఎక్కువ. జర్మనీలో 3,500 కిలోల లోపు మోటర్‌హోమ్‌కు రోడ్డు టోల్ లేదు. స్విట్జర్లాండ్ మోటర్‌వేల మీద నడవాలంటే ఏడాదికి 40 ఫ్రాంకుల విన్యెట్, అంటే టోల్ కట్టినట్టు చూపే చీటీ, ఒక్కటే ఉంది, రెండు రోజులకైనా అదే. సరస్సు ఒడ్డున వెళ్లే మామూలు రోడ్డు ఎంచుకున్న మాకు అదీ అవసరం పడలేదు. ఆస్ట్రియాలో జర్మనీ సరిహద్దు నుంచి హోహెనెమ్స్ ఊరి దాకా ఏ14 రోడ్డు మీద 2019 డిసెంబరు నుంచి విన్యెట్ అక్కరలేదు. ఫ్రాన్స్‌లో టోల్ బండి ఎత్తును బట్టి మారుతుంది. బ్లాక్ ఫారెస్టులోని చాలా ఊళ్లలో బస చేసినవాళ్లు కట్టే పర్యాటక రుసుముకు బదులుగా కోనుస్ కార్డు ఇస్తారు, దానితో ఆ ప్రాంతపు బస్సులు, రైళ్లు ఉచితం. టిటిజే నుంచి ఫ్రైబుర్గ్‌కు మేము ఆ కార్డు మీదే రైల్లో వెళ్లి వచ్చాము.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. బండి అప్పగించేటప్పుడు పొద్దుగూకుతోంది. సిబ్బంది తొందరపెడితే మేము పైకప్పు అంచు చూడకుండానే సంతకాలు చేశాము. తిరిగి ఇచ్చినప్పుడు అక్కడ గీత ఉందని డిపాజిట్టులో పెద్ద మొత్తమే కోశారు. ఆ గీత ముందే ఉందని మా దగ్గర రుజువు లేదు. కనుక ఉదయం వేళే బండి తీసుకుని, పైకప్పు, బంపర్లు, పక్క పందిరి, గాజులు అన్నిటికీ ఫోటోలు తీసుకున్నాకే సంతకం పెట్టమని మీ పాఠకులకు చెబుతున్నాను.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల వేసవి సెలవులు జూన్ రెండో వారందాకా ఉంటాయి. యూరప్‌లో జూలై, ఆగస్టు నెలల రద్దీ అప్పటికి మొదలుకాదు, క్యాంపింగ్ ధరలు కూడా తక్కువే. అంటే ఈ నెమ్మది యాత్రకు మే నెల మన పిల్లలకు చక్కగా కుదురుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం పడాలి. దక్షిణ జర్మనీలో క్రైస్తవుల పెంటెకోస్ట్ పండుగకు రెండు వారాల సెలవులు ఇస్తారు. ఆ పండుగ తేదీ ఏటా మారుతుంది. ఆ రెండు వారాల్లో బోడెన్‌జే ఒడ్డున నెలల ముందు బుక్ చేసుకోనివారికి చోటు దొరకడం కష్టం.

వీసా దరఖాస్తులు ఊపందుకునే జనవరికి ముందే ఇలాంటి వివరాలతో ఒక పేజీ ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. దేశాల పేర్ల పక్కన కిలోమీటర్లు, బస చేసే రాత్రులు కూడా వేస్తే పాఠకులే తేల్చుకోగలరు.

వచ్చే మే నెలకు మా ఇంట్లో లెక్కలు అప్పుడే మొదలయ్యాయి. ఈసారి మోజెల్ నది వెంట ట్రియర్‌లో నాలుగు రాత్రులు, లక్సెంబర్గ్ వైపు ఒడ్డున నాలుగు, ఫ్రాన్స్‌లోని మెట్స్‌లో మూడు అనుకుంటున్నాము. ఆ మధ్య మజిలీలోనే 1985 జూన్ 14న నదిలోని ఒక ఓడ మీద ఒప్పందానికి సంతకాలు జరిగిన చిన్న ఊరు ఉంది. మా పాస్‌పోర్టుల్లోని వీసా మీద ఉన్న షెంగెన్ అన్న మాట ఆ ఊరి పేరే. మనవరాలికి దాన్ని చూపించాలని మా వారి కోరిక.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, కాకినాడ