జనరేటర్ వేసి వచ్చేలోపు నా ఫిర్యాదు మూసేశారు

విషయం: మీ ఫోన్ ఆటలో డబ్బు కట్టి కొనుక్కున్న 31 పిన్‌బాల్ టేబుళ్ళకు తాళం పడటం, నాలుగు నెలలుగా జవాబు చెప్పే మనిషి లేకపోవడం

కస్టమర్ సర్వీస్ అధికారి గారికి,

అయ్యా,

మీకు ఇంగ్లీషులో ఇప్పటికి పంతొమ్మిది సార్లు రాశాను. ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీ రశీదుల అడుగున హైదరాబాదు ఆఫీసు చిరునామా ఉంది కాబట్టి, అక్కడ తెలుగు చదివేవాళ్ళు ఒక్కరైనా ఉంటారని నా నమ్మకం. ఆ ఒక్కరూ దయచేసి దీన్ని చివరిదాకా చదవాలి. సగంలో ఆపేసి ‘ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అని రాయొద్దు. అది జూన్‌లోనే చేశాను.

మాది కోనసీమలో మలికిపురం మండలం. మూడెకరాల్లో వనామీ రొయ్యలు వేస్తాను. జూన్ 14న నా ఫోన్ చెరువులో పడింది. కొత్తది కొని, మీ పిన్‌బాల్ ఆట (వాలు బల్ల మీద గుండును కొట్టే ఆట) మళ్ళీ వేసుకుని, పాత మెయిల్, పాత పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్ళాను. నా పేరుంది, నా స్కోర్లున్నాయి. 2019 నుంచి ఒక్కొక్కటిగా కొనుక్కున్న టేబుళ్ళన్నిటి మీదా తాళం బొమ్మ ఉంది, పక్కన ధర ఉంది. జరిగింది ఇంతే. దీని మీద నాకు కోపం లేదు. వస్తువన్నాక పాడవుతుంది. చెరువు నీళ్ళకు గాలి పట్టించే మా ఏరియేటర్ మోటార్లు కాలిపోతుంటాయి, వాటిని అమ్మినవాణ్ణి నేనెప్పుడూ తిట్టలేదు. పాడైందని మొత్తుకుంటుంటే వినకపోవడం వేరు. ఈ ఉత్తరం దాని గురించి.

జూన్ 15న మొదటి ఫిర్యాదు పెట్టాను. మూడు పనిదినాల్లో జవాబిస్తామన్నారు. పదకొండో రోజున వచ్చింది, ఆట తీసేసి మళ్ళీ వేసుకోమని. అప్పటికే రెండుసార్లు అలా చేశానని ఫిర్యాదు రెండో వాక్యంలోనే రాశాను. రెండో వాక్యం దాకా కూడా చదవలేదన్నమాట. సరే అని మూడోసారీ వేసుకున్నాను. మా గట్టు మీద సిగ్నల్‌కి గంటన్నర పట్టింది. తాళాలు అలాగే ఉన్నాయి.

తర్వాత ఇంకొకరు వచ్చి రశీదులు అడిగారు. అన్నీ నా మెయిల్‌లో ఉన్నాయి, 31కి 31. మీ దగ్గర ఒక మెయిల్‌కి మూడు ఫొటోలకు మించి వెళ్ళవు. ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనం మాని కూర్చుని మూడేసి చొప్పున పది మెయిళ్ళు, చివరిగా మిగిలిన ఒక్కదానికి ఇంకో మెయిల్, మొత్తం పదకొండు పంపాను. ఒక్కోదాని మీద ‘11లో 1’, ‘11లో 2’ అని అంకెలు కూడా వేశాను. మర్నాడు మూడో మనిషి దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఇది: మీరు ఒకే సమస్యకు పదకొండు ఫిర్యాదులు పెట్టారు, పదింటిని డూప్లికేట్ కింద మూసేశాం, చివరిది పరిశీలిస్తాం. ఆ చివరి దానిలో ఉన్నది ఒక్క రశీదు. వారం తర్వాత నాలుగో మనిషి వచ్చి, ‘మీరు 31 టేబుళ్ళు అంటున్నారు, ఒకే రశీదు పంపారు, మిగతావి పంపగలరు’ అని రాశారు.

ఆ మెయిల్ చదివి ఫోన్ బోర్లించి పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నన్ను ఎవరూ తిట్టలేదు, మోసగాడివనలేదు. మీ ఓపికకు ధన్యవాదాలు అంటూనే ఉన్నారు. నేను చెప్పిన మాట మాత్రం ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి చేరలేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. యాప్ అమ్మే స్టోర్ వాళ్ళను అడగమన్నారు, అడిగితే వాళ్ళు ఆట తయారుచేసిన మిమ్మల్నే అడగమన్నారు. ఆ మాట మీకు రాస్తే మళ్ళీ స్టోర్‌నే అడగమన్నారు.

ఫోన్ నంబరొకటి పట్టుకుని జూలైలో చేశాను. ఓ అమ్మాయి ఎత్తి, హిందీలో మొదలుపెట్టి, నా ఇబ్బంది చూసి మెల్లగా ఇంగ్లీషులోకి వచ్చింది. నేను చెప్పిందంతా విని ‘సారీ సర్’ అంది. తన ముందున్న తెరలో డబ్బు కట్టిన వివరం కనిపిస్తుంది గానీ ఆట వివరం కనిపించదట, ఆ విభాగానికి ఫోన్ ఉండదట. ఆ అమ్మాయి మీద నాకేం లేదు. ఈ నాలుగు నెలల్లో నా మాట పూర్తిగా విన్నది తనొక్కతే. ఆమెకు ఏ అధికారమూ ఇవ్వకుండా అక్కడ కూర్చోబెట్టింది మీరు.

ఇప్పుడు ఆగస్టు 9 రాత్రి సంగతి. మీ ఏజెంట్లు చాట్‌లో దొరికేది మన టైముకి రాత్రి 11 నుంచి. రాత్రుళ్ళు ఎలాగూ చెరువు దగ్గరే కాపలా పడుకుంటాను కాబట్టి షెడ్డులో మంచం మీద కూర్చుని వరసలో నిలబడ్డాను. నా ముందు 38 మంది ఉన్నట్టు చూపించింది. 1:40కి నా వంతు వచ్చింది. అంతా చెప్పాను. అవతలి మనిషి ‘ఒక్క నిమిషం, మీ అకౌంట్ తెరిచి చూస్తున్నాను’ అని రాశారు. నా అకౌంట్ చూస్తున్నామని మీ దగ్గర ఎవరైనా అనడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మీకు తెలియకపోవచ్చు, చెప్తాను. చెరువులో ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూ ఉండాలి. ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి. తెల్లవారుజాము దగ్గర పడేకొద్దీ మరీ ప్రమాదం. ఆ చప్పుడు ఒక్కసారి ఆగిపోతే నిద్రలో ఉన్న రైతు కూడా లేచి కూర్చుంటాడు. అంత గాభరాలోనూ మీకు చెప్పకుండా వెళ్ళలేదు. ‘కరెంటు పోయింది, ఐదు నిమిషాలు, దయచేసి వెళ్ళకండి’ అని టైపు చేసి, అది వెళ్ళిందని చూసుకుని మరీ పరిగెత్తాను. జనరేటర్ రెండోసారికి అందుకుంది. టార్చి పట్టుకుని గట్టు చుట్టూ ఒకసారి తిరిగి, అన్ని చక్రాలూ తిరుగుతున్నాయని చూసి వచ్చాను. చేతులకు డీజిల్, తడి. తెర మీద వేలు జరగట్లేదు. లుంగీకి తుడుచుకుని చూస్తే, నా మాట కిందే ఇలా ఉంది: ‘మీ నుంచి స్పందన లేనందున ఈ సంభాషణ ముగిస్తున్నాం.’ దాని కింద: ‘మీ సమస్య పరిష్కరించబడింది.’ నేను వెళ్ళొచ్చింది ఎనిమిది నిమిషాలు. నాలుగు నెలలు నేను ఆగాను, మీరు ఎనిమిది నిమిషాలు ఆగలేకపోయారు.

ఆ చాట్ మీ దగ్గర ఉండే ఉంటుంది. తీసి చూడండి.

ఇంత పట్టుదల దేనికని మా ఇంట్లో కూడా అడిగారు. మీకూ చెప్పాలి, ఎందుకంటే నాలాంటి కొనుగోలుదారును మీరు ఎలా పోగొట్టుకుంటున్నారో మీకు తెలియాలి. 1998 నుంచి ఏడేళ్ళు కువైట్‌లో ఒక ఆటల హాల్లో పనిచేశాను. అక్కడ ఫిష్ టేల్స్ పిన్‌బాల్ యంత్రం ఉండేది. విలియమ్స్ కంపెనీ 1992లో తెచ్చింది, మార్క్ రిచీ డిజైన్. గుండును వదలడానికి గాలం కర్ర పిడి ఉంటుంది, నెత్తిన ఒక చేప తోక కొట్టుకుంటుంది. నదీ సముద్రమూ కలిసే ఊరి వాణ్ణి, ఆ యంత్రం ముందు నిలబడితే ఇంటికొచ్చినట్టుండేది. హాలు మూసేశాక అద్దం తీసి బోర్డు తుడిచేది నేనే. గుండు తగిలి తగిలి నల్లబడిన రబ్బరు రింగులు మార్చేవాణ్ణి. లెవెల్ పెట్టి వాలు ఆరున్నర డిగ్రీలకు తెచ్చేవాణ్ణి. యంత్రాన్ని ఊపితే ఆట పోయేలా లోపల ఒక లోలకం వేలాడుతుంది, దాన్ని సరిచేసేవాణ్ణి. 80 గ్రాముల ఉక్కు గుండు అరచేతిలో ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు.

1999లో విలియమ్స్ పిన్‌బాల్ తయారీ మానేసింది. ఇక ఫిష్ టేల్స్ అయినా, 1980 నాటి రెండంతస్తుల బ్లాక్ నైట్ అయినా, 1997 నాటి మెడీవల్ మ్యాడ్‌నెస్ కోట తలుపైనా నాలాంటివాడికి దొరికేది మీలాంటివాళ్ళు ఫోన్లో కట్టిన టేబుళ్ళలోనే. నేను తిరిగొచ్చాక రాజోలు నెట్ సెంటర్లో మా మేనల్లుడు విండోస్ ఎక్స్‌పీలో స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్ ఆడుతుంటే చూసి కళ్ళు చెమ్మగిల్లినవాణ్ణి. ఆ పిల్లాడే పెద్దయ్యాక 2019లో మీ ఆట నా ఫోన్లో వేసిచ్చాడు. మొదటి రోజే ఫిష్ టేల్స్ కొన్నాను. పడవ చుట్టూ తిరిగే దారుల్లో గుండు వంపు తిరిగే తీరు, గుండును కొట్టే, మామూలు కంటే కాస్త పొట్టిగా ఉండే ఫ్లిప్పర్లు, అవి అందక గుండు మధ్యలోంచి జారిపోయే తీరు, అన్నీ చేతికి తెలిసినట్టే ఉన్నాయి. దాన్ని కట్టిన మీ పనివాళ్ళకు ఆ రోజు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. పంట బాగా వచ్చినప్పుడల్లా ఒకటో రెండో కొన్నాను. రెండుసార్లు రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు పోయిన ఏడాది కూడా ఒకటి కొన్నాను. మీ ఆట గురించి నలుగురికి చెప్పాను, ఇద్దరు కొన్నారు కూడా.

అలాంటివాడికి సెప్టెంబరులో మీరు పంపింది ఏమిటి? మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అంటూ 20 శాతం తగ్గింపు కూపన్. నావే నేను మళ్ళీ కొనుక్కోవడానికి. అది నేను వాడను, నాకు వద్దు, దాన్ని రద్దు చేయండి.

మా చెరువు మోటారు కాలితే తాటిపాక నుంచి వైండింగ్ కుర్రాడు రాత్రి పన్నెండింటికైనా బండేసుకుని వస్తాడు. బాగుపడకపోతే ‘నా వల్ల కాలేదండీ, వేరే చోట చూపిద్దాం’ అని మొహం మీద చెప్తాడు. అదొక్క మాట మీరు జూన్‌లో చెప్పి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. 31 టేబుళ్ళూ తెరవాలి, అది ఎలాగూ చేయాల్సిందే. దానికంటే ముందు, ఆగస్టు 9 రాత్రి ఆ చాట్ మూసింది ఎవరో, ఎందుకు మూశారో, ‘పరిష్కరించబడింది’ అని ఎలా రాశారో నాకు ఒక మనిషి తన పేరు పెట్టి, సంతకం పెట్టి రాయాలి. కంప్యూటర్ పంపే జవాబు జవాబు కిందకు రాదు.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చని, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదని కనుక్కున్నాను. పదకొండు మెయిళ్ళూ, మీరు మూసేసిన పది టికెట్లూ, ఆ రాత్రి చాట్ ఫొటో అన్నీ ప్రింటు తీయించి ఫైలు చేశాను. తీర్పు వచ్చేదాకా తిరుగుతాను. తిరగడం నాకు మీరే అలవాటు చేశారు.

ఫోన్ చేసేటట్టయితే పొద్దున 10, 11 మధ్య చేయండి. మేత వేసి, ట్రేలు చూసుకుని అప్పటికి ఇంటికొస్తాను. మధ్యలో లైను తెగితే మీరే మళ్ళీ చేయండి.

ఇట్లు,
మీ దగ్గర 31 టేబుళ్ళు కొన్న రొయ్యల రైతు,
మలికిపురం మండలం

జతపరిచినవి: రశీదులు 31, ఆగస్టు 9 చాట్ ప్రతి