మెషిన్ పక్కన నిలబడే మనిషి జీతం

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఆటోమేషన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. మా బ్రేక్ 15 నిమిషాలే కాబట్టి రెండు విడతలుగా చదవాల్సి వచ్చింది. క్యాషియర్లు, క్లీనర్లు, గార్డులు ఎక్కువ జీతం అడిగితే యజమాని మెషిన్ తెచ్చుకుంటాడని, చివరికి అడిగినవాళ్ళే నష్టపోతారని దాని సారాంశం. వ్యాసకర్త గారు మమ్మల్ని తిట్టలేదు, జాలిపడుతూనే రాశారు. అదే కాస్త ఎక్కువ గుచ్చుకుంది.

నేను ఒక పెద్ద స్టోర్‌లో 17 ఏళ్ళుగా బిల్లింగ్‌లో పనిచేస్తున్నాను. ఆయన రాబోతుందంటున్న మెషిన్ మా దగ్గరికి వచ్చి మూడేళ్ళయింది. అది వచ్చాక ఏమవుతుందో నేను ఊహించక్కర్లేదు, రోజూ చూస్తున్నాను.

నాలుగు కౌంటర్లు తీసేసి ఆ చోట ఆరు సెల్ఫ్ చెకౌట్ మెషిన్లు పెట్టారు. నలుగురం ఉండేచోట నేనొక్కదాన్నే మిగిలాను. కౌంటర్‌లో నాకో స్టూల్ ఉండేది. ఇప్పుడది లేదు. ఆరు మెషిన్ల మధ్య తిరిగే మనిషికి స్టూల్ ఎందుకన్నారు.

ఇంతకీ ఆ మెషిన్ ఏం చేస్తుంది? వస్తువు తీసి స్కానర్‌కి చూపించేది కొనేవాళ్ళే, సంచిలో సర్దుకునేదీ వాళ్ళే. అంటే నా పనిలో తేలికైన సగం జీతం లేకుండా వాళ్ళ చేతికి వెళ్ళింది. చిక్కుపడే సగం నాకు మిగిలింది. సంచి పెట్టే చోట కింద బరువు చూసే సెన్సర్ ఉంటుంది. స్కాన్ చేసినదానికీ అక్కడ పెట్టినదానికీ బరువులో తేడా వస్తే ఎర్రలైటు వెలుగుతుంది. పక్కన నిలబడ్డ చిన్నపిల్ల చెయ్యి ఆనించినా వెలుగుతుంది. బార్‌కోడ్ నలిగినా, డిస్కౌంటు పడకపోయినా, రసీదు కాగితం ఇరుక్కున్నా నేనే పరిగెత్తాలి. వారానికి రెండుసార్లు వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. వేళ్ళు బాగా ఎండిపోవడం వల్లనేమో, ఆయన ఎంత నొక్కినా స్క్రీన్ కదలదు. ఇంకా గట్టిగా నొక్కి, ఏదో తప్పు చేసినవాడిలా చుట్టూ చూస్తారు. "ఉండండి తాతగారూ, నేను చేస్తాను" అని వెళ్ళి చేసిపెట్టేలోపు మూడో మెషిన్, ఐదో మెషిన్ ఎర్రబడతాయి. క్యూలో ఉన్నవాళ్ళు చికాకుగా చూసేది ఆ మెషిన్ల వంక అనుకునేరు, నా వంకే.

ఇక దొంగతనం. ఎవరైనా స్కాన్ చేయకుండా ఒక ప్యాకెట్ సంచిలో వేసుకుంటే ఆపాల్సింది నేనే. ఆపితే కస్టమర్‌ని అవమానించానని కంప్లయింట్. ఆపకపోతే నెలాఖరులో స్టాక్ తేడాకి సంజాయిషీ. కౌంటర్‌లో ఉన్న 14 ఏళ్ళలో నేనెవరినీ అనుమానంగా చూడాల్సిన పని పడలేదు. ఇప్పుడు రోజంతా జనం చేతుల మీదే నా కళ్ళు. ఇంటికెళ్ళాక కూడా ఆ టెన్షన్ దిగడానికి ఓ గంట పడుతుంది.

వ్యాసకర్త గారికి ఒక్క సంగతి చెప్పాలి. మా దగ్గరికి మెషిన్లు వచ్చిన ఏడాది మేమెవరం జీతం పెంచమని అడగలేదు. అంతకుముందు రెండేళ్ళూ పెంచలేదు. అడక్కపోయినా అవి వచ్చాయి. ఇప్పుడు అడిగితే మా మేనేజర్ గారు నోరు విప్పి కాదనరు. ఆ మెషిన్ల వైపు ఒకసారి చూస్తారు, అంతే.

మా అమ్మాయి ఎకనామిక్స్ చదువుతోంది. నేను ఈ గోడు చెప్పుకుంటుంటే "అమ్మా, నీ మెషిన్లకి ఒక పేరుంది తెలుసా" అంది. 2024లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆర్థికవేత్త డారన్ అసెమోగ్లు, పాస్కువల్ రెస్ట్రెపో అనే ఇంకొకాయనతో కలిసి కొన్ని రకాల ఆటోమేషన్‌ని 'సో-సో' అన్నారట. మన మాటలో చెప్పాలంటే అంతంతమాత్రం. అవి మనిషిని తప్పించేంత పని చేస్తాయి గానీ ఉత్పాదకతని, అంటే గంటలో ఒక మనిషి చేయగలిగే పనిని, పెద్దగా పెంచవు. సెల్ఫ్ చెకౌట్‌ని కూడా అసెమోగ్లు ఆ కోవలోనే చెప్తారట. ఒక మెషిన్ నిజంగా పనిని పదింతలు చేస్తే ఆ మిగులు ఎక్కడో ఒకచోట కొత్త పనులకి దారి తీస్తుంది. అంతంతమాత్రం మెషిన్‌లో అలాంటి మిగులు ఉండదు. ముగ్గురి జీతాలు మిగిలినట్టు పుస్తకాల్లో కనిపిస్తుంది, వాళ్ళు చేసిన పని కొనేవాళ్ళ చేతులకీ నా కాళ్ళకీ చేరుతుంది.

జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న మాటని వ్యాసంలో రెండు రెళ్ళు నాలుగన్నంత ధీమాగా రాశారు. అది అంత తేలిగ్గా తేలిన లెక్క కాదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు వైపులా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళలో పెంచకముందు ఎంతమంది ఉన్నారో, పెంచాక ఎంతమంది ఉన్నారో కనుక్కున్నారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ వాళ్ళకి కనపడలేదు. 1994లో అది అచ్చయ్యాక పెద్ద గొడవే అయింది, లెక్క తప్పని వాదించినవాళ్ళూ ఉన్నారు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. "అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని అర్థం కాదమ్మా, రాసేటప్పుడు అది కూడా రాయి" అని మా అమ్మాయి హెచ్చరించింది. రాశాను.

అయినా ఎంత పెంచితే తట్టుకుంటారన్న ప్రశ్నకంటే ముందు ఇంకో ప్రశ్న ఉండాలి కదా. ఒక మనిషి బతకడానికి ఎంత కావాలి? దీన్ని ఒక జడ్జి గారు 1907లోనే కోర్టులో అడిగారు. ఆస్ట్రేలియాలో పంటకోత యంత్రాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ కేసు అది. యజమాని పేరు హెచ్.వి.మెకే, జడ్జి పేరు హెన్రీ బోర్న్స్ హిగిన్స్. పొలాల్లో కూలీల చేతిపని తగ్గించే యంత్రాలు చేస్తున్నవాళ్ళకి న్యాయమైన కూలీ ఎంత అన్నది తేల్చాలి. యజమాని ఎంత ఇవ్వగలడన్న దగ్గర హిగిన్స్ మొదలుపెట్టలేదు. కార్మికుల ఇళ్ళలోని ఆడవాళ్ళని కూడా పిలిపించి అద్దె ఎంత, తిండికి ఎంత, పొయ్యిలోకి ఎంత అని విన్నారు. భార్య, ముగ్గురు పిల్లలున్న ఒక మామూలు కూలీ పొదుపుగానైనా మనిషిలా బతకాలంటే రోజుకి 7 షిల్లింగులు కావాలని తేల్చారు. ఆ తీర్పుకి ఆధారమైన చట్టాన్ని మరుసటి ఏడాదే పైకోర్టు కొట్టేసింది. అయినా ఆ కొలత మాత్రం ఆ దేశంలో దశాబ్దాల పాటు నిలబడింది. (ఇంటికి సంపాదించేవాడు మగవాడే అన్న లెక్క మీద వేసిన కొలత అది. ఖర్చులు చెప్పడానికి పిలిచిన ఆడవాళ్ళకి జీతం దగ్గర మాత్రం అందులో చోటు తక్కువే.)

మా ఇంటి లెక్క చెప్పమంటే నేనూ చెప్తాను. జీతంలో సగం అద్దెకి పోతుంది. అమ్మాయి చదువు, మా అమ్మ మందులు పోగా నెలలో చివరి వారం అప్పు మీదే నడుస్తుంది. దాన్ని పూడ్చడానికి ఓవర్‌టైమ్. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టినప్పుడే జీవన వేతనం అన్న మాట దాని నిబంధనావళిలో రాసుకుంది. 2024లో దాన్ని ఇంకాస్త విడమర్చి చెప్పింది. మామూలు పనిగంటల్లో చేసిన పనికి వచ్చే డబ్బుతోనే కార్మికుడూ, కుటుంబమూ గౌరవంగా బతకగలగాలన్నది అందులో ముఖ్యమైన మాట. మామూలు పనిగంటలు అన్న దగ్గర నేను ఆగి మళ్ళీ చదివాను. నాకు ఇంట్లో వెలుతురుండగా అమ్మ మొహం చూసే రోజు వారానికి ఒకటే.

అమ్మ మంచం పట్టి రెండేళ్ళయింది. రోజూ పొద్దున్నే ఒకామె వచ్చి ఒళ్ళు తుడిచి, స్నానం చేయించి, జుట్టు దువ్వి వెళ్తుంది. 40 నిమిషాలు పడుతుంది. యాభై ఏళ్ళ కిందటైనా అంతే పట్టేది. తొందరపడితే అమ్మకి నొప్పి. 1960లలో విలియం బౌమోల్ అనే ఆర్థికవేత్త ఈ సంగతే వాయిద్య సంగీతం గురించి చెప్పారట. నలుగురు కలిసి వాయించే పాటకి వందేళ్ళ కిందట ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతే పడుతుంది, అలాగని వాయించేవాళ్ళకి వందేళ్ళ కిందటి జీతం ఇస్తే ఎవరూ రారు. ఉత్పాదకత పెరగలేదు కాబట్టి జీతం పెరగదన్న లెక్క ఆ 40 నిమిషాలకి ఎలా సరిపోతుంది?

నేనేమీ గొప్పదాన్ని కాదు. పోయిన నెల ఆమె, "అక్కా, కొంచెం పెంచుతావా, బస్సు ఖర్చులకే చాలట్లేదు" అంది. నేను సమాధానం చెప్పలేదు. అమ్మ దుప్పటి సర్దుతున్నట్టు నటించాను. మా మేనేజర్ గారు మెషిన్ల వైపు చూడటానికీ, నేను దుప్పటి వైపు చూడటానికీ తేడా ఏముందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కొంచెం పెంచాను. అది ఆమెకి చాలదని నాకు తెలుసు. నా జీతం కదలకుండా ఆమెది ఎక్కడి నుంచి కదులుతుంది? మా స్టోర్‌కి వచ్చి కొనేవాళ్ళలో చాలామంది మాలాంటివాళ్ళే. ఈ గొలుసు గురించి వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు.

మా పనిని ఎప్పటికీ అలాగే ఉంచమని నేను అడగడం లేదు. బార్‌కోడ్ చూపించడం ఒక మనిషి జీవితకాలం చేయాల్సినంత గొప్ప పనేమీ కాదు. నిజంగా మనిషి అవసరం లేకుండా నడిచే స్టోర్ వస్తే రానివ్వండి. అప్పుడు మా గతేమిటన్నది వేరే చర్చ, అదీ చేయాల్సిందే. కానీ ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా రాని ఆ స్టోర్‌ని చూపించి ఇవాళ పొద్దున ఏడింటికల్లా రమ్మని పిలిచిన మనిషికి జీతం తగ్గించి కట్టడం ఏం న్యాయం? నేను అక్కర్లేకపోతే పిలవకండి. పిలిచారంటే అక్కరుందనే కదా. పిలిచిన రోజుకి బతకడానికి చాలినంత ఇవ్వండి.

వచ్చే నెల ఇంకో రెండు మెషిన్లు వస్తున్నాయని నిన్న సాయంత్రం చెప్పారు. మనిషిని ఇంకొకరిని వేస్తారా అని అడిగాను. ఎనిమిదింటికీ నేనే ఉంటానట.

నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక బిల్లింగ్ ఉద్యోగిని