నీ వెబ్‌సైట్ గురించి, ఇక్కడి మలేషియాకినీ గురించి

బావా,

నీ మెయిల్ చూసి చాలా సంతోషం వేసింది, కాస్త భయం కూడా వేసింది. పేపర్ ఉద్యోగం వదిలేసి సొంతంగా న్యూస్ వెబ్‌సైట్ పెట్టడం అంటే మాటలా! పిల్లల ఫీజులు, ఇంటి లోను నెత్తిన ఉండగా ఈ పనికి దిగావంటే ఎంత విసిగిపోయి ఉంటావో నాకు తెలుసు. కష్టపడి తెచ్చిన వార్త పేపర్లో రాదు, యాడ్ టార్గెట్ మాత్రం నెల తిరిగేసరికి వస్తుంది అని ఎన్నిసార్లు బాధపడ్డావు!

చివర్లో ఒక మాట అడిగావు చూడు, "పేరూ ఊరూ తెలియని సైట్‌ని జనం ఎందుకు నమ్మాలిరా?" అని. దానికి వాట్సాప్‌లో రెండు ముక్కలు రాసి ఊరుకోబుద్ధి కాలేదు. మలేషియాలో నేను ఉంటున్న ఈ పెటాలింగ్ జయలోనే మలేషియాకినీ అనే న్యూస్ వెబ్‌సైట్ ఆఫీసు ఉంది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి చందా కట్టి చదువుతున్నాను. నీ ప్రశ్నకి వాళ్ల కథ కంటే మంచి జవాబు నాకు తెలియదు. తీరిగ్గా కూర్చుని చదువు.

ఆ సైట్ పుట్టింది 1999లో. అయితే నన్నడిగితే దానికి బీజం 1995లోనే పడింది. దాని స్థాపకుల్లో ఒకడైన స్టీవెన్ గాన్ అప్పట్లో ద సన్ అనే ఇంగ్లీషు పేపర్లో విలేకరి. కౌలాలంపూర్‌కి దగ్గర్లో సెమెన్యి అనే చోట, కాగితాలు లేని వలస కూలీలని పట్టుకొచ్చి పెట్టే శిబిరం ఒకటి ఉండేది. అందులో 59 మంది చనిపోయారని, వాళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశ్ వాళ్లని గాన్, తోటి విలేకరులు కూపీ లాగారు. దేంతో పోయారనుకున్నావు? టైఫాయిడ్, బెరిబెరి. ఒకటి వేళకి మందిస్తే తగ్గేది. ఇంకోటి సరైన తిండి పెడితే అసలు రానే రానిది. అంత పెద్ద వార్తని పేపర్ వేయలేదు. చేసేది లేక వాళ్లు ఆ వివరాలని వలస కూలీల కోసం పనిచేసే ఐరీన్ ఫెర్నాండెజ్‌కి ఇచ్చారు. ఆవిడ ధైర్యంగా బయటపెట్టింది. తప్పుడు వార్త ప్రచురించిందని 1996లో ఆవిడ మీద కేసు పెట్టారు. 2003లో ఏడాది జైలు శిక్ష వేశారు. అప్పీలులో 2008కి గానీ ఆ కేసు కొట్టేయలేదు. పన్నెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది బావా ఆవిడ!

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నీ దగ్గర కూడా వేయని వార్తల ఫైలు ఒకటి ఉంది కదా. ఆ సంక్షేమ హాస్టళ్ల తిండి బిల్లుల సంగతి నాకు చెప్పినప్పుడు నీ గొంతు ఎలా వణికిందో నాకింకా గుర్తే. నీ సైట్ లోగో, యాప్, థంబ్‌నెయిళ్ల గురించి మూడు పేజీలు రాశావు. ఆ ఫైలు గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అదే నాకు నచ్చలేదు.

సరే, అసలు కథకి వస్తాను. ఇక్కడ పేపర్ పెట్టాలంటే ప్రభుత్వ పర్మిట్ కావాలి. అప్పట్లో దాన్ని ఏటా రెన్యువల్ చేయించుకోవాలి కూడా. పైగా పెద్ద పేపర్లన్నీ అధికార కూటమి పార్టీల చేతుల్లోనో, వాళ్లకి కావలసినవాళ్ల చేతుల్లోనో ఉండేవి. ఈ పరిస్థితి నీకు కొత్తగా ఏమీ అనిపించదనుకుంటాను. 1998 సెప్టెంబరులో ప్రధాని మహాథిర్ తన ఉప ప్రధాని అన్వర్ ఇబ్రహీంని పదవిలోంచి తీసేసి జైల్లో పెట్టించాడు. జనం వీధుల్లోకి వచ్చారు. పేపర్లలో మాత్రం అదంతా ఒకవైపే కనిపించేది. అయితే అదే మహాథిర్, విదేశీ కంప్యూటర్ కంపెనీలని రప్పించడం కోసం ఇంటర్నెట్‌ని సెన్సార్ చేయబోమని అంతకుముందే మాట ఇచ్చి ఉన్నాడు. ఆ ఒక్క సందులోంచి గాన్, అతనితో ద సన్‌లోనే పనిచేసిన ప్రేమేష్ చంద్రన్ లోపలికి దూరారు. 1999 నవంబరు 20న సైట్ మొదలైంది. సరిగ్గా తొమ్మిది రోజులకి ఎన్నికలు. చేతిలో ఉన్నది బ్యాంకాక్‌లోని ఒక పత్రికా స్వేచ్ఛ సంస్థ ఇచ్చిన గ్రాంటు, కొద్దిమంది మనుషులు, అంతే.

అప్పుడు వాళ్లకి పేరు తెచ్చిన వార్త ఏంటో తెలుసా? ఒక ఫోటో. ఇక్కడి పెద్ద చైనీస్ పేపర్ సిన్ చ్యూ, నాయకులందరూ వరసగా నిలబడిన పాత గ్రూప్ ఫోటో ఒకటి వేసింది. అందులో అన్వర్ ఉండాల్సిన చోట కొత్త ఉప ప్రధాని అబ్దుల్లా బదావి ఉన్నాడు. కంప్యూటర్లో అన్వర్‌ని చెరిపేసి ఈయన్ని అతికించారు! మలేషియాకినీ దాన్ని పట్టుకుని బయటపెట్టింది. ఎంత తెలివైన మొదటి దెబ్బో చూడు. చదివేవాడు మలేషియాకినీని నమ్మాల్సిన పనే లేదు. అసలు ఫోటో ఇది, వేసిన ఫోటో ఇది, నీ కళ్లతో నువ్వే చూసుకో. కొత్త సైట్‌కి అలాంటి వార్తే కావాలి. "విశ్వసనీయ వర్గాల సమాచారం" అని రాసే హక్కు ఇరవై ఏళ్లు పేరున్న పేపర్‌కి ఉంటుందేమో. నీకు మొదటి రోజు ఉండదు. బిల్లు కాపీ పెట్టు, ఆర్టీఐ జవాబు పెట్టు, కాంట్రాక్టర్ పేరున్న కాగితం పెట్టు.

ఇక డబ్బు సంగతి. నమ్మకం నిలబడేదీ, కూలేదీ ఇక్కడే అని నా అభిప్రాయం. 2001లో వాళ్ల మీద పెద్ద నింద పడింది, అమెరికా ఫైనాన్సర్ జార్జ్ సోరోస్ డబ్బుతో నడుస్తున్నారని. 1997లో ఇక్కడి కరెన్సీ రింగిట్ విలువ కుప్పకూలినప్పుడు మహాథిర్ తప్పంతా సోరోస్ మీదే వేశాడు కాబట్టి ఇక్కడ ఆ పేరు వింటేనే జనానికి మంట. తరువాత నిజంగానే, సోరోస్ ఫౌండేషన్ కూడా డబ్బు పెట్టిన ఒక మీడియా రుణ సంస్థ మలేషియాకినీలో మైనారిటీ వాటా తీసుకుంది. వీళ్లు దాచలేదు. వాటా ఎంతో చెప్పారు, ఎక్కువ భాగం స్థాపకులదీ ఉద్యోగులదీ అని చెప్పారు. ఆ నింద ఈ రోజుకీ ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. కానీ దాచిపెట్టిన విషయం బయటపడితే వచ్చే దెబ్బ వేరు, అందరికీ తెలిసిన విషయాన్నే మళ్లీ మళ్లీ తిట్టడం వేరు.

మన దగ్గర ఆ దారి ఎలాగూ కష్టమే. 2019 నుంచి డిజిటల్ న్యూస్‌లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటకూడదు, దానికీ కేంద్రం అనుమతి కావాలి. లోకల్‌గా ఎవరో రియల్ ఎస్టేట్ ఆయన పెట్టుబడి పెడతానన్నాడని రాశావు. మంచివాడే అయి ఉండొచ్చు. కానీ రేపు చెరువు ఆక్రమణ వార్త రాయాల్సి వస్తే? అందులో ఆయన పేరు లేకపోయినా, ఆయన స్నేహితుడి పేరుంటే? ఈ మనిషి డబ్బు మాత్రం తీసుకోకు. తీసుకున్నావో, నీ మీద మన ఊళ్లో వేసే మొదటి మాట అదే అవుతుంది.

వాళ్లు 2002లో చందా పెట్టారు. ఇంటర్నెట్‌లో వార్తకి డబ్బులేంటని జనం విడ్డూరంగా చూసే రోజులవి. చదివేవాళ్లు చాలామంది పోయారు. మిగిలినవాళ్లు కొద్దిమందే అయినా గట్టి మనుషులు. ఎంత గట్టివాళ్లో మరుసటి ఏడాదే తెలిసింది. 2003 జనవరి 20న పోలీసులు ఆఫీసు మీద పడి 19 కంప్యూటర్లు పట్టుకుపోయారు, సర్వర్లతో సహా. కారణం ఒక పాఠకుడు మారుపేరుతో రాసిన లేఖ. అందులో అధికార పార్టీ యువజన విభాగాన్ని అమెరికాలో నల్లవాళ్ల మీద దాడులు చేసిన జాత్యహంకార ముఠా కు క్లక్స్ క్లాన్‌తో పోల్చాడు. ఆ లేఖ రాసిందెవరో చెప్పమంటే గాన్ చెప్పలేదు. బిల్డింగ్ ఓనర్లు ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. కొన్ని గంటల్లోనే సైట్ మళ్లీ లేచింది. పాఠకులు కొవ్వొత్తులు పట్టుకుని వచ్చి సంఘీభావంగా నిలబడ్డారు.

అద్దె ఇంట్లో ఉన్నంతకాలం ఆ భయం ఉంటుంది కదా. అందుకని కొన్నేళ్ల తరువాత సొంత బిల్డింగ్ కోసం పాఠకులనే అడిగారు, ఒక్కో ఇటుక వెయ్యి రింగిట్లకి. ఇక్కడ నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి బాగన్ దాతో తోటల్లోకి కూలికి వచ్చినవాళ్లు. మన తెలుగే మాట్లాడతాడు, కాకపోతే సగం మాటలు మలయ్‌లో పడతాయి. ఆయన పెన్షన్ డబ్బుల్లోంచి ఒక ఇటుక కొన్నాడు. "ఎందుకు మామయ్యా అంత డబ్బు?" అని అడిగితే, "తోటల్లో మా బతుకుల గురించి ఏ పేపరూ రాయలేదు నాయనా, వీళ్లు రాశారు" అన్నాడు.

2021లో ఇంకో పెద్ద దెబ్బ తగిలింది. ఒక వార్త కింద పాఠకులు పెట్టిన ఐదు కామెంట్లు కోర్టు ధిక్కారం అని కేసు. పోలీసులు చెప్పగానే వాటిని తీసేశారు, అయినా ఇక్కడి అన్నిటికంటే పెద్ద కోర్టు, ఫెడరల్ కోర్టు, ఒప్పుకోలేదు. ప్రభుత్వ లాయరు 2 లక్షల రింగిట్ల జరిమానా అడిగితే కోర్టు ఏకంగా 5 లక్షలు వేసింది. మన రూపాయల్లో అప్పటి లెక్కన 90 లక్షల దాకా. జనాన్ని సాయం అడిగితే ఐదు గంటలు తిరగకముందే ఆ మొత్తం వచ్చేసింది. నేనూ కొంచెం పంపాను. పేజీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా అంకె పెరుగుతుంటే ఒళ్లు జలదరించింది బావా. ఇరవై రింగిట్లు, యాభై రింగిట్లు పంపినవాళ్లు ఎందరో.

నువ్వు అడిగిన "ఎందుకు నమ్మాలి"కి ఇది సగం జవాబు. మిగతా సగం ఆఫీసులో నా పక్క సీటు మలయ్ అతని దగ్గర దొరికింది. అతను అప్పటి అధికార పార్టీ మనిషి, మలేషియాకినీ అంటే పడదు, రోజూ తిడతాడు. 2022 ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు, ఈ దేశంలో అలా జరగడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఎవరికెన్ని సీట్లో తేలక అందరికీ టెన్షన్. అతను నాకు ఫోన్ చేసి, "నీకు చందా ఉంది కదా, మలేషియాకినీలో ఎంత చూపిస్తోంది?" అని అడిగాడు. తిట్టేవాడు కూడా అంకె కోసం వీళ్ల దగ్గరికే వచ్చాడు. నీ సైట్‌ని అవతలి పార్టీ వాళ్లు కూడా అలా తెరిచిన రోజు నాకు ఫోన్ చెయ్యి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. వాళ్లు ఓడిన కేసు కూడా ఉంది. పహాంగ్ రాష్ట్రంలో రౌబ్ దగ్గర బుకిట్ కోమన్ అనే ఊళ్లో బంగారు గనిలో సయనైడ్ వాడుతున్నారు, జబ్బు పడుతున్నామని ఊరివాళ్లు అంటే 2012లో వార్తలు రాశారు. కంపెనీ పరువునష్టం దావా వేసింది. 2016లో హైకోర్టులో గెలిచారు, అప్పీలులో ఓడారు, 2021లో ఫెడరల్ కోర్టులోనూ ఓడారు. డ్యామేజీలు, ఖర్చులు కలిపి 5 లక్షల 50 వేల రింగిట్లు. ఊరివాళ్ల గోడు రాయడం తప్పని నేను అనను, నాకు ఆ తీర్పు నచ్చలేదు. కానీ హాస్టల్ వార్త వేసే ముందు కాంట్రాక్టర్‌కి, వార్డెన్‌కి, జిల్లా అధికారికి రాతపూర్వకంగా ప్రశ్నలు పంపు, టైమివ్వు, జవాబు వస్తే ఒక్క ముక్క కోయకుండా వెయ్యి. ఒక లాయరుకి చూపించు. మన దగ్గర పరువునష్టం క్రిమినల్ కేసు కూడా అవుతుందని నీకు నేను చెప్పాలా! కామెంట్ల బాక్సు మాత్రం ఇప్పుడే పెట్టకు, చూసుకునే మనిషి దొరికాక చూద్దాం.

తప్పు దొర్లితే వార్త పైనే సవరణ పెట్టు, కింద చిన్న అక్షరాల్లో కాదు. డబ్బు ఎక్కడిదో చెప్పే పేజీ మొదటి రోజే ఉండాలి, నీ పేరుతో, ఆఫీసు అడ్రసుతో.

నెలకి వంద రూపాయల చందా అంటే మన జిల్లాలో ఎవరు కడతారు అని రాశావు. వెయ్యిమంది కడితే లక్ష. ఇద్దరు రిపోర్టర్లు, ఒక సర్వరు, అప్పుడప్పుడు లాయరు ఫీజు. కష్టమే, కుదరదని మాత్రం అనను. మొదటి ఏడాది చందా నాది, మా ఆవిడది కలిపి ఇప్పుడే రాసుకో. ఇక్కడి తెలుగు సంఘంలో కూడా అడుగుతాను.

దసరాకి వస్తున్నాను. ఈలోపు ఆ హాస్టల్ ఫైలు స్కాన్ చేసి పంపు, ఏ కాగితం దేనికి రుజువో పక్కన రాసి పెట్టు. రియల్ ఎస్టేట్ ఆయనకి మర్యాదగా వద్దని చెప్పి, ఏమన్నాడో రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ,
పెటాలింగ్ జయ